ఐదు నిమిషాలు పావుగంట ఎలా అయింది? విశాఖ సిటీ బస్సుల లోపలి లెక్క

విశాఖలో నలుగురు ఒకచోట చేరితే మాట ఎటు తిరిగినా చివరికి మెట్రో దగ్గరికొచ్చి ఆగుతుంది. వస్తుందా రాదా, వస్తే ఎప్పుడు, స్టేషన్ మా వీధికి ఎంత దూరం, ఇప్పుడే ఓ ఫ్లాట్ కొని పడేస్తే రేటు పెరుగుతుందా. 2014లో రాష్ట్రాన్ని విభజించిన చట్టంలో, 13వ షెడ్యూలులో, విశాఖకి మెట్రో సాధ్యమో కాదో చూడాలని రాశారు. అప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం. మొదట 42.55 కిలోమీటర్ల ప్లాన్ వేశారు, 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం తెచ్చేసరికి అది పక్కకి పోయింది, ఇప్పుడు మొదటి దశ 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు, అంచనా 11,498 కోట్లు. స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్ల పెద్ద లైను, గురుద్వారా నుంచి ఓల్డ్ పోస్టాఫీసుకి ఒక చిన్న లైను, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరుకి ఇంకొకటి. నాకు మెట్రో మీద కోపమేమీ లేదు, వస్తే ఎక్కేవాళ్ళలో నేనూ ఉంటాను. కానీ ఈ చర్చ అంతా జరుగుతున్నప్పుడు కూడా జనాన్ని మోస్తున్నది బస్సే, దాని గురించి మాత్రం "బస్సులు సరిపోవడం లేదండీ" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాం. ఆ వాక్యం సగమే నిజం.

సగమే అని ఎందుకంటున్నానంటే, స్టాపులో నిలబడ్డ మనిషికి ఊళ్ళో మొత్తం ఎన్ని బస్సులున్నాయో అనవసరం. ఆ మనిషికి కావాల్సింది ఒక్క అంకె, పోయిన బస్సుకీ వచ్చే బస్సుకీ మధ్య గ్యాప్ ఎంత అని. ఒక రూటులో గంటకి 6 బస్సులు ఉన్నాయనుకోండి. పది నిమిషాలకొకటి చొప్పున వస్తే, మీరు ఎప్పుడు స్టాపుకొచ్చినా సగటున 5 నిమిషాలు ఆగితే చాలు. అవే 6 బస్సులు మూడేసి చొప్పున ఒకదాని వెనక ఒకటి వచ్చాయనుకోండి, గ్యాప్ అరగంట అయిపోతుంది, సగటు నిరీక్షణ పావుగంట. బస్సులు అవే, డీజిల్ అదే, డ్రైవర్ల జీతాలు అవే. డిపో రిజిస్టరులో అన్ని ట్రిప్పులూ నడిచినట్టే ఉంటుంది, అందులో అబద్ధమూ లేదు. స్టాపులో ఉన్నవాళ్ళకి మాత్రం పది నిమిషాలు గాల్లో కలిసిపోయాయి.

"ముగ్గురూ కబుర్లు చెప్పుకుంటూ కలిసొస్తున్నారు" అని డ్రైవర్లని తిట్టుకోవడం మనకి అలవాటు. నేనూ తిట్టుకున్నవాణ్ణే. కానీ ఇది ప్రపంచంలో ప్రతి బస్సు రూటుకీ పుట్టుకతో వచ్చే జబ్బు. ముందు బస్సుకి ఏదో సిగ్నల్లో రెండు నిమిషాలు ఆలస్యం అయిందంటే, తర్వాతి స్టాపులో రెండు నిమిషాల జనం అదనంగా పోగవుతారు, వాళ్ళందరూ ఎక్కడానికి ఇంకో అర నిమిషం పోతుంది, దాంతో ఆ తర్వాతి స్టాపులో ఇంకా ఎక్కువ జనం. వెనకాల వచ్చే బస్సుకేమో స్టాపులో మనుషులే మిగలరు, ఆపే పని లేక గబగబా వచ్చేసి ముందుదాని తోకకి అతుక్కుంటుంది. అందుకే మొదటి బస్సు ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి, రెండోది ఖాళీగా కనిపిస్తుంది. దీనికి మందు లేకపోలేదు. మధ్యలో ఒకటి రెండు చోట్ల, ఎన్ఏడీ జంక్షన్ దగ్గరో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో, కంట్రోలర్ టైం టేబుల్ చూడటం మానేసి గ్యాప్ చూసి బండిని వదలడమే. వెనక బస్సుని మూడు నిమిషాలు ఆపితే అందులో కూర్చున్నవాళ్ళు గొణుగుతారు గానీ ముందున్న ఇరవై స్టాపుల్లో ఎదురుచూసేవాళ్ళు బాగుపడతారు. బస్సుల్లో జీపీఎస్ ఉన్న ఈ రోజుల్లో ఇది ఒక కంప్యూటరూ ఒక మనిషీ చేసే పని.

ఇక్కడ విశాఖ భూగోళం కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే హైదరాబాద్‌కి పనికొచ్చిన లెక్క ఇక్కడ పనికిరాదు. మన ఊరు గుండ్రంగా పెరగలేదు, పెరగడానికి చోటు లేదు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క సింహాచలం కొండలు, మధ్యలో పోర్టు, నేవీ స్థలాలు, ఎయిర్‌పోర్టు, రైల్వే యార్డులు, దక్షిణాన స్టీల్ ప్లాంట్. మిగిలిన సందులో ఊరు పటికబెల్లం దారంలా పొడుగ్గా సాగింది. 2005లో గాజువాక, చుట్టుపక్కల ఊళ్ళూ కలిసి గ్రేటర్ విశాఖ కార్పొరేషన్, అంటే జీవీఎంసీ అయింది, తర్వాత అటు అనకాపల్లి ఇటు భీమిలి కూడా చేరాయి. ఈ మొత్తాన్ని కుట్టిన దారం మాత్రం దాదాపు ఒక్కటే: కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ, కంచరపాలెమో తాటిచెట్లపాలెమో, కాంప్లెక్స్, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ. బీచ్ రోడ్డులో భీమిలి వెళ్ళే 900కే లాంటివి తప్పిస్తే, ఎటు వెళ్ళే బస్సైనా ఎక్కడో ఒకచోట ఈ దారాన్ని పట్టుకోవాల్సిందే. దాంతో హనుమంతవాక జంక్షన్‌లో ఒక లారీ ఆగిపోతే గాజువాకలో ఉన్న మనిషికి బస్సు రాదు. మిగతా ఊళ్ళలో ఒక దారి మూసుకుపోతే ఇంకోదారిలో తిప్పుతారు, ఇక్కడ ఇంకోదారి అంటే కొండ ఎక్కాలి, లేకపోతే సముద్రంలో దిగాలి.

ఈ దారం మీద ఒక లెక్క కట్టి చూద్దాం. గాజువాక నుంచి మధురవాడకి పాతిక కిలోమీటర్ల పైనే. వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, రెండు చివర్లా టీకీ బాత్రూంకీ కలిపి 20 నిమిషాలు అనుకుంటే మొత్తం 200 నిమిషాలు. పది నిమిషాలకొక బస్సు కావాలంటే 200ని 10తో భాగించండి, 20 బస్సులు. ఇప్పుడు ట్రాఫిక్ పెరిగి ఆ 200 కాస్తా 240 అయింది. పది నిమిషాల గ్యాపే నిలబెట్టాలంటే 24 బస్సులు కావాలి. అంటే 4 బస్సులు, వాటి డ్రైవర్లు, కండక్టర్లు, ఆ ఖర్చంతా కొత్తగా ఒక్క ప్రయాణికుడిని కూడా ఎక్కించకుండా ట్రాఫిక్‌లో నిలబడటానికే పోయింది. ఆ నాలుగూ ఇవ్వకపోతే గ్యాప్ 12 నిమిషాలకి పెరుగుతుంది, విసిగిపోయిన వాడు ఈఎంఐలో స్కూటీ కొంటాడు, ఆ స్కూటీ కూడా అదే రోడ్డు మీదకొస్తుంది, 240 కాస్తా 250 అవుతుంది. తిరగేసి చూస్తే ఇంకా బాగుంటుంది. రోడ్డు మీద బస్సుకి 40 నిమిషాలు మిగిల్చగలిగితే, ఒక్క రూపాయి పెట్టి బస్సు కొనకుండానే ఆ రూటుకి నాలుగు బస్సులు ఇచ్చినట్టు.

ఆ నిమిషాలు ఎక్కడెక్కడ పోతున్నాయో చూస్తే సిగ్నళ్ళ తర్వాత పెద్ద వాటా స్టాపులదే. మన ఆర్డినరీ బస్సుల్లో చాలావాటి ఫ్లోరు నేల మీద నుంచి దాదాపు మీటరు ఎత్తున ఉంటుంది, కారణం అవి లారీ చాసిస్ మీద కట్టిన బాడీలు. కేంద్రం సిటీ బస్సులకని ఇచ్చిన ప్రమాణాల్లో లో-ఫ్లోర్ అంటే 400 మిల్లీమీటర్లు, సెమీ లో-ఫ్లోర్ అంటే 650. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ రెండు చేతులా కడ్డీలు పట్టుకుని మూడు మెట్లెక్కడానికి పట్టే టైమూ, ఒక్క అడుగు వేసి లోపలికి వెళ్ళడానికి పట్టే టైమూ ఒకటి కావు. స్టాపుకి 15 సెకన్లు తేడా, దారిలో 40 స్టాపులు అనుకోండి, ఒకవైపుకే 10 నిమిషాలు, రానూ పోనూ 20. పైన వేసిన లెక్కలో అది 2 బస్సులు. మెట్టు ఎత్తు తగ్గించడం అంటే వృద్ధుల మీద దయ చూపించడం అనుకుంటాం గానీ అది అచ్చంగా డబ్బు లెక్క.

2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఇది ఇంకా ముఖ్యమైపోయింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోరు, జీరో టికెట్ కొట్టి ఇస్తారు, ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుంది. దీని మీద వాదించుకోవడానికి వేరే చోట్లున్నాయి, నాకు మాత్రం మంచి పనే అనిపిస్తుంది. పెందుర్తి నుంచి రోజూ ఇళ్ళలో పనికి వచ్చే మనిషికి నెలకి మిగిలే ఆ డబ్బు చిన్నది కాదు. కానీ బండి వైపు నుంచి చూస్తే ఎక్కేవాళ్ళు పెరిగారు, స్టాపులో ఆగే టైం పెరిగింది, కమాన్ పట్టీల మీద, క్లచ్ మీద, బ్రేకుల మీద బరువు పెరిగింది. పథకం ఖర్చు అంటే టికెట్ డబ్బులు మాత్రమే లెక్కేసి, అరిగిపోయే క్లచ్ ప్లేటుని లెక్కేయకపోతే ఆ బిల్లు రెండేళ్ళ తర్వాత గ్యారేజీలో తేలుతుంది. ఇందులో ఎవరూ పెద్దగా మాట్లాడని లాభం ఒకటుంది. ప్రతి జీరో టికెట్టూ ఎక్కడ ఎక్కారు, ఎక్కడికి, ఎన్ని గంటలకి అన్నది కండక్టరు టికెట్ కొట్టే టిమ్ మిషన్‌లో రికార్డవుతుంది. ఏ గంటలో ఏ రూటుకి బస్సు కావాలో తెలుసుకోవడానికి కన్సల్టెంట్లకి డబ్బిచ్చి సర్వే చేయించక్కర్లేదు, ఆ సమాచారం రోజూ దానంతటదే వచ్చి పడుతోంది.

బస్సుకి రోడ్డు మీద వేరే దారి ఇస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపిస్తే, ఆ ఆలోచన మనకి కొత్త కాదు. నగరాలకి కేంద్రం నిధులిచ్చిన జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం రోజుల్లో సుమారు 450 కోట్లతో బీఆర్టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్) అని మొదలుపెట్టారు, పెందుర్తికి ఒక కారిడార్, సింహాచలం మీదుగా ఇంకొకటి. సింహాచలం వైపుది భూసేకరణ దగ్గర ఏళ్ళ తరబడి నలిగింది. పెందుర్తి వైపు రోడ్డు వెడల్పయింది, మధ్యలో బస్సుల కోసం లైన్లు గీశారు, కొన్నాళ్ళకి వాటిలో ఆటోలు, కార్లు, బైకులు అన్నీ తిరిగాయి. అహ్మదాబాద్‌లో 2009లో ఇలాంటిదే మొదలైంది గానీ వాళ్ళు దానికోసం విడిగా ఒక కంపెనీ పెట్టారు, మూసి ఉన్న స్టేషన్లు కట్టారు, టికెట్టు బస్సెక్కక ముందే తీసుకునేట్టు చేశారు, ఆ దారికి తగిన తలుపులతో బస్సులు తెచ్చారు. మనం రోడ్డు వేశాం. నా అంచనా తప్పయితే దిద్దండి, మనకి బీఆర్టీఎస్‌లో వచ్చినది ఆర్ ఒక్కటే, అదీ ర్యాపిడ్ కాదు, రోడ్డు, మిగతా మూడక్షరాలూ దారిలో జారిపోయాయి. దీన్ని చూపించి "బస్సు లైన్లు మన దగ్గర నడవవు" అని చెప్పేస్తుంటారు, అది మాత్రం ఒప్పుకోను. నడపకుండా నడవదని ఎలా తెలుస్తుంది? మొత్తం 40 కిలోమీటర్లు గీయక్కర్లేదు, బస్సు ఎక్కువగా ఇరుక్కునే అర కిలోమీటరు ముక్కలు నాలుగైదు ఉంటాయి, జంక్షన్‌కి ముందు వచ్చేవి, వాటిలో పొద్దున రెండు గంటలూ సాయంత్రం మూడు గంటలూ ఎడమ లైను బస్సుకి వదిలి, కానిస్టేబుల్‌నో కెమెరానో పెడితే చాలా నిమిషాలు వెనక్కి వస్తాయి.

ఇప్పుడు గ్యారేజీలోకి వెళ్దాం. అసలు కథ ఇక్కడుంది.

మా ఇంటి కింద వాటాలో ఉండే పెద్దాయన బస్సు డిపోల్లో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. నేను బాబాయ్ అంటాను. వీధిలో బస్సు పోతుంటే పేపర్లోంచి తల ఎత్తకుండానే "దీనికి ఎయిర్ లీకవుతోంది బాబూ" అనేస్తారు. డిపో ఎలా బతుకుతుందో ఆయన చెప్తేనే నాకు అర్థమైంది. డిపోకి 100 బండ్లుంటే ఆ వందా రోడ్డు మీద ఉండవు. 92కి డ్యూటీలు వేసి 8 స్పేర్‌లో ఉంచుతారనుకోండి. ఆ ఎనిమిదిలో కొన్ని షెడ్యూల్ ప్రకారం సర్వీసుకి లోపలికొస్తాయి, ఒకటి ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి పోతుంది, ఒకటి ఎవరో గుద్దితే అద్దం కోసం ఆగుతుంది. అంతా బాగుంటే 92 రోడ్డెక్కుతాయి. ఒక వారం విడిభాగాలు టైంకి రాలేదు, లోపల 12 ఉండిపోయాయి. నాలుగు డ్యూటీలు క్యాన్సిల్. పేపర్లో రాస్తే "96 శాతం బస్సులు నడిచాయి" అని రాయొచ్చు, వినడానికి ఎంత బాగుంది! కానీ ఆ నాలుగూ ఎక్కడో ఒక రూటులోంచి ఊడిన పళ్ళు. అక్కడ 10 నిమిషాల గ్యాప్ 20 అవుతుంది, ముందు చెప్పిన గుంపు జబ్బు అక్కడి నుంచే మొదలవుతుంది. గ్యారేజీలో లేని ఒక బ్రేక్ లైనర్ సెట్టు, కొమ్మాదిలో గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషి, ఈ రెంటికీ ఉన్న సంబంధం ఇదే.

విడిభాగం లేనప్పుడు ఏం చేస్తారు అని అడిగితే ఆయన నవ్వారు. "ఏటి సేస్తాం బాబూ, పడుకున్న బండి లోంది పీకి లేచిన బండికి ఏస్తాం." ఒకరోజుకి అది తెలివైన పనే. నెలరోజులు చేస్తే పడుకున్న బండి ఇంక లేవదు. నిర్వహణలో డబ్బు మిగల్చడం అంటే ఎక్కువసార్లు ఇదే, ఖర్చు తగ్గదు, వాయిదా పడుతుంది, వాయిదాలో పెద్దదవుతుంది. టైంకి గ్రీజు పెట్టని బేరింగు ముందు చప్పుడు చేస్తుంది, తర్వాత హబ్బుని తింటుంది, చివరికి నడిరోడ్డు మీద ఆగి వెనక ఇంకో పది బస్సుల్ని ఆపుతుంది.

విశాఖలో దీనికి తోడు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు రూట్ల బండ్లకి కింద చాసిస్ క్రాస్ మెంబర్లు, మెట్ల పక్కన రేకు, బ్యాటరీ పెట్టె, ఎలక్ట్రికల్ జాయింట్లు ముందు పోతాయి. వానాకాలంలో కింద బురద కడగకుండా వదిలితే ఉప్పూ తేమా కలిసి ఆ పని ఇంకా తొందరగా కానిస్తాయి. అందుకే డిపోలో బస్సుని అడుగు నుంచి నీళ్ళతో కొట్టి కడిగే ర్యాంపూ దానికి సరిపడా నీళ్ళూ ఉండటం అందం కోసం కాదు, ఇంకో రెండేళ్ళ ఆయుష్షు కోసం. తర్వాత 2020 ఏప్రిల్ నుంచి పొగ తగ్గించే బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. పాత ఇంజన్‌కి చెవి పెట్టి వింటే జబ్బు తెలిసేది, కొత్తదానికి లాప్‌టాప్ తగిలించాలి. దాని సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ కాసేపు వేడిగా, ఒకే వేగంతో తిరగాలి. గాజువాక ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరూ సెకండ్ గేరూ మధ్య ఊగిసలాడే బండికి ఆ అవకాశం ఎక్కడిది? ఫిల్టర్ పూడుకుపోతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ఇంజన్ పవర్ తగ్గిపోతుంది, బండి లోపలికి. రోడ్డు మీది ట్రాఫిక్ గ్యారేజీలోకి కూడా వచ్చి కూర్చుంటుందన్నమాట. పొగని శుభ్రం చేయడానికి పోసే యాడ్‌బ్లూ డబ్బాలు, సెన్సార్లు, వాటికి ట్రైనింగ్ అయిన మెకానిక్కులు, ఇవన్నీ కొత్త ఖర్చులు, బస్సు కొన్న రోజు దండ వేసిన ఫొటోలో ఇవి కనిపించవు.

దండల మాట వచ్చింది కాబట్టి. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలు 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, రవాణా సంస్థల బస్సులకీ ఇదే రూలు. మంచిదే, కానీ దీనివల్ల కొత్త బస్సులు వచ్చాయంటే ఊళ్ళో బస్సులు పెరిగాయని అర్థం కాదు. వంద వచ్చి ఎనభై వెళ్ళిపోతే పెరిగింది ఇరవై. ఎన్ని ఉండాలి అంటే కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పెట్టుకున్న కొలబద్ద ఒకటుంది, వెయ్యి మంది జనాభాకి 0.6 బస్సులు ఉంటే మొదటి తరగతి సేవ, 0.2 కన్నా తక్కువైతే అట్టడుగు తరగతి. 2011 జనాభా లెక్క 17.28 లక్షలే తీసుకున్నా విశాఖకి మొదటి తరగతికి వెయ్యి పైన బస్సులు కావాలి, ఊరేమో ఆ తర్వాత మధురవాడ అవతలికి, పెందుర్తి అవతలికి పెరిగింది.

ఎలక్ట్రిక్ బస్సుల దగ్గరికొద్దాం. కేంద్రం 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవ అని 10 వేల బస్సుల పథకం తెచ్చింది, అందులో విశాఖ వాటా 100. చాలామంది దీన్ని "డీజిల్ బస్సు పోయి కరెంటు బస్సు వస్తుంది" అని అర్థం చేసుకుంటారు, మారుతున్నది ఇంధనం కన్నా ఎక్కువగా యాజమాన్యం. ఈ పద్ధతిలో బస్సు కంపెనీదే, డ్రైవరూ కంపెనీ మనిషే, మెయింటెనెన్సూ కంపెనీదే. రవాణా సంస్థ రూటు చెప్తుంది, టికెట్ డబ్బులు తను తీసుకుంటుంది, తిరిగిన కిలోమీటరుకి ఇంత అని కంపెనీకి కడుతుంది. 12 మీటర్ల బస్సైతే అందులో కిలోమీటరుకి 24 రూపాయలు, 9 మీటర్లదైతే 22 రూపాయలు కేంద్రం పదేళ్ళపాటు ఇస్తుంది. ఇందులో సుఖం ఏమిటంటే బండి ఆగితే నష్టం కంపెనీది, కాబట్టి విడిభాగాలు వాళ్ళే ముందుగా తెచ్చిపెట్టుకుంటారు. చిక్కు కూడా ఉంది. ఇలాంటి ఒప్పందాల్లో రోజుకి కనీసం ఇన్ని కిలోమీటర్లు తిప్పుతామని సంస్థ మాటిస్తుంది. మళ్ళీ అదే రోడ్డు! ట్రాఫిక్‌లో ఇరుక్కుని 200 కిలోమీటర్లు తిరగాల్సిన బస్సు 160 తిరిగితే, తిరగని వాటికీ ఎంతో కొంత కట్టాల్సి రావచ్చు. ఇంకో సంగతి, పదేళ్ళ తర్వాత ఈ బస్సుల గురించి తెలిసిన మెకానిక్కులు సంస్థలో ఎవరుంటారు? అద్దె ఇంట్లో పెయింటు ఓనరే వేయిస్తాడు, బాగానే ఉంటుంది, కానీ మనకి వేయడం రాకుండా పోతుంది.

చార్జింగ్ గురించి కూడా ఒక చిన్న లెక్క. పెద్ద ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకి 1.2 యూనిట్ల కరెంటు తాగుతుందని, రోజుకి 200 కిలోమీటర్లు తిరుగుతుందని అనుకుంటే ఒక్కోదానికి 240 యూనిట్లు. ఒక డిపోలో 50 బస్సులుంటే 12 వేల యూనిట్లు. ఆఖరి ట్రిప్పు అయ్యాక రాత్రి 11 నుంచి తెల్లారి 4 లోపు, ఐదు గంటల్లో అంతా ఎక్కించాలంటే 2.4 మెగావాట్ల లోడు. మన వీధి మూలన ఉండే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు పాతిక పెడితే గానీ చాలదు. అందుకే బస్సులు తయారై కూర్చున్నా డిపోకి హెచ్‌టీ (హై టెన్షన్) లైను, సబ్‌స్టేషన్ రాకపోతే పని మొదలవ్వదు. హుద్‌హుద్ గుర్తున్నవాళ్ళకి ఇంకో సందేహం కూడా వస్తుంది. 2014 అక్టోబర్ 12 తర్వాత రోజుల తరబడి ఊళ్ళో కరెంటు లేదు. అలాంటి వారంలో ఆసుపత్రికి వెళ్ళే నర్సుని దించేది ఏ బస్సు? కొన్ని డీజిల్ బండ్లని ఉంచుకోవాలి, లేదా డిపోకి రెండు వైపుల నుంచి లైను ఇవ్వాలి. తుఫాను ఊళ్ళో దీన్ని టెండర్ దశలోనే అడగాలి.

ఇవన్నీ ఎవరు చూడాలి అంటే, అక్కడే అందరి తలా తిరుగుతుంది. బస్సు ఆర్టీసీది. స్టాపు షెల్టరూ లోపలి రోడ్డూ జీవీఎంసీవి. సిగ్నలు ట్రాఫిక్ పోలీసుది. ఎన్ఏడీ ఫ్లైఓవర్ కట్టించింది విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ. డిపోకి కరెంటు ఇచ్చేది ఈపీడీసీఎల్. మెట్రోకి ఇంకో కార్పొరేషన్. స్టాపుని జంక్షన్ నుంచి యాభై మీటర్లు అవతలికి జరపాలంటే ఇందులో ముగ్గురు ఒప్పుకోవాలి, జరిపాక పాత స్టాపులో ఆటోలు ఆగకుండా నాలుగోవాడు చూడాలి. 2017 మెట్రో విధానంలో వీళ్ళందరినీ ఒక గొడుగు కిందకి తెచ్చే ఉమ్మడి రవాణా అథారిటీ ఉండాలని షరతు పెట్టారు. కాగితం మీద అది పెట్టడం తేలికే, దాని చేతిలో డబ్బు పెట్టడమే కష్టం.

మళ్ళీ మెట్రో. ఇప్పటి ప్లాన్‌లో మధురవాడ నుంచి తాటిచెట్లపాలెం దాకా సుమారు 15 కిలోమీటర్లూ, గాజువాక వైపు మరికొంతా డబుల్ డెక్కర్ పద్ధతి, అంటే కింద రోడ్డు, దాని మీద ఫ్లైఓవరు, ఆ పైన మెట్రో. స్తంభాలు వేసేది ఎక్కడ? ఇందాక చెప్పుకున్న ఆ ఒక్క దారం మీదే. హైదరాబాద్‌లో పనులు 2012లో మొదలైతే మొదటి దశ చివరి ముక్క 2020 ఫిబ్రవరిలో తెరిచారు. మనకి అంతకంటే తొందరగా అవుతుందనే అనుకుందాం, అయినా కొన్నేళ్ళపాటు ఆ హైవే మీద బారికేడ్లుంటాయి, 240 నిమిషాల రౌండు 300 అవుతుంది, అప్పుడు అదే గ్యాప్‌కి 30 బస్సులు కావాలి. కాబట్టి మెట్రో వస్తోంది కదా బస్సుల మీద ఇప్పుడు ఖర్చెందుకు అనే మాట పూర్తిగా తలకిందులు. మెట్రో కడుతున్న ఏళ్ళలోనే బస్సు ఎక్కువ కావాలి. బారికేడ్ల పక్కన మిగిలే రెండు లైన్లలో ఒకటి బస్సుకి ఇస్తారా లేదా అన్నది ఇప్పుడే, కాంట్రాక్టరు గుంత తవ్వకముందే తేల్చుకోవాల్సిన విషయం. లారీలు అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం చేరే బైపాస్ ఉంది కనుక ఆ భారం కొంత తగ్గించే వీలు మన చేతుల్లోనే ఉంది.

కట్టాక కూడా అంతే. 42 స్టేషన్లూ దారం మీదే ఉంటాయి, మనుషులుండేది దారానికి అటూ ఇటూ, మురళీనగర్‌లో, ఆరిలోవలో, పీఎం పాలెం లోపల. స్టేషన్‌కి ఐదు కిలోమీటర్ల దాకా ఫీడర్ ఏర్పాట్లు చూపించాలని ఆ 2017 విధానమే చెప్తుంది. ఆరిలోవ కొండ ఎక్కి దిగే చిన్న బస్సు పావుగంటకోసారి రాకపోతే మెట్రో ఎంత చల్లగా ఉన్నా అక్కడివాళ్ళు ఆటోనో బైకో పట్టుకుని నేరుగా పోతారు.

ఇంక ఏం చేయాలి అంటే నా చేతికి ఒకే ఒక్క పని ఇస్తే నేను కొత్త బస్సు కొనను. ప్రతి డిపో ముందూ, ఫోన్‌లోనూ, రూటు వారీగా నిన్నటి గ్యాప్‌లు పెట్టిస్తాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగాయి, ఎంత ఆదాయం వచ్చింది అని కాదు, 28 నంబరు నిన్న పొద్దున 8 నుంచి 10 మధ్య ఎన్ని నిమిషాలకొకటి వచ్చింది, ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు రాలేదు అని. జీపీఎస్ ఉంది, టిమ్‌లు ఉన్నాయి, అంకె బయటికి రావడానికి కొత్త ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఆ అంకె పెరిగితే కారణం వెతుక్కుంటూ వెళ్ళాల్సి వస్తుంది. ఒకసారి సిగ్నల్ దగ్గర తేలుతుంది, ఒకసారి గ్యారేజీలో లేని ఫిల్టర్ దగ్గర, ఒకసారి డ్రైవర్ల సెలవుల దగ్గర.

మొన్న బాబాయ్‌కి ఫోన్‌లో ఎలక్ట్రిక్ బస్సు వీడియో చూపించాను. ఏసీ అని, చప్పుడుండదని, మెట్లే ఉండవని నేను చెప్తున్నాను, ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని వీడియోని రెండుసార్లు వెనక్కి జరిపించి, బండి కింది భాగం కనిపించే చోట ఆపమన్నారు. కాసేపు చూసి, "ఇంత కిందకుంది కదా బాబూ, జ్ఞానాపురం బ్రిడ్జి కింద వాన నీరు నిలిచినప్పుడు దీన్ని ఎటు తిప్పుతారేటి?" అన్నారు.